విడాకుల తర్వాత రెండో పెళ్లి: ఆ ముహూర్తం వదిలేయండి

భర్త ఒప్పుకోకుండా పోరాడిన కేసులో విడాకుల డిక్రీ (కోర్టు ఉత్తర్వు) వచ్చి నెలన్నరే అయిందని, మీరు ఇష్టపడిన ఆయనతో వచ్చే నెల మొదట్లోనే పెళ్లి జరిపించాలని అమ్మ పట్టుబడుతున్నారని రాశారు. ఆమె తొందర అర్థమవుతోంది. అయినా ఆ ముహూర్తం వద్దు.

హిందూ వివాహ చట్టం 28వ సెక్షన్ ప్రకారం డిక్రీ తేదీ నుంచి అప్పీలుకు 90 రోజుల గడువుంది. అప్పీలు లేకుండా ఆ గడువు దాటాక 15వ సెక్షన్ కింద మీరు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. డిక్రీ నకలు కోసం కోర్టులో పట్టిన రోజులు ఆ లెక్కలోంచి మినహాయిస్తారు, అంటే గడువు 90 రోజుల తర్వాతా మిగిలి ఉండవచ్చు. కాబట్టి పై కోర్టులో అప్పీలు ఏదీ పడలేదని మీ లాయరు చూసి చెప్పాకే శుభలేఖలు అచ్చుకు ఇవ్వండి. ధ్రువీకరించిన నకళ్లు రెండు మూడు తీసి ఉంచుకోండి, పెళ్లి రిజిస్ట్రేషన్‌కు అడుగుతారు. మీరు పెళ్లి చేసుకుంటే మీ భరణం ఆపమని మాజీ భర్త కోర్టును అడగవచ్చు. పాప పోషణ ఖర్చు మాత్రం పాప హక్కు, మీ పెళ్లితో పోదు.

నాకు ఎక్కువ బెంగ మీ ఏడేళ్ల పాప గురించే. వంటింట్లోకి వెళ్లినా కొంగు పట్టుకుని వెంటే వస్తోందన్నారు. ఈ కబురు తను బంధువుల నోట వినకూడదు తల్లీ! మీరే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. మీరు చేసుకోబోయే ఆయన్ని ‘నాన్న’ అని పిలవమని ఎవరూ బలవంతపెట్టవద్దని అమ్మకు ఇప్పుడే గట్టిగా చెప్పండి.