బ్రిటన్‌లో ప్రైవేటు వైద్యం: బీమా కొనే ముందు ఆలోచించవలసినవి

బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన మన కుటుంబాలు ఇల్లు, బడి సంగతి తేలగానే నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఎన్‌హెచ్‌ఎస్‌లో నెలల తరబడి ఎదురుచూడాలట కదండీ, ప్రైవేటు బీమా తీసుకోమంటారా?" ఎన్‌హెచ్‌ఎస్ అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ. ఆ ప్రశ్నకు ఔనని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఈ దేశంలో ప్రైవేటు వైద్యం అంటే మనం ఎరిగిన కార్పొరేట్ ఆసుపత్రి కాదు. అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే వెళ్లే చోటు కాదు, మధుమేహానికి ఏళ్ల తరబడి మందులు రాయించుకునే చోటూ కాదు. ముందుగా తేదీ నిర్ణయించుకుని చేయించుకోగల పరీక్షలు, శస్త్రచికిత్సలు, వాటి చుట్టూ ఉండే సంప్రదింపులు మాత్రమే అక్కడ ప్రధానంగా జరుగుతాయి. కాబట్టి మీరు డబ్బు పెట్టి కొనేది చాలా మటుకు సమయాన్నే. అదే వైద్యం, తరచు అదే వైద్యుడి చేతి మీదుగా, కొంత ముందుగా అందుతుంది.

మీరు ఇప్పటికే ఎంత చెల్లించారో ఒకసారి లెక్క చూడండి. ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవడానికి వీసా దరఖాస్తుతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు, 18 ఏళ్ల లోపు పిల్లలకు 776 పౌండ్లు. ఇద్దరు పిల్లలున్న దంపతులు ఐదేళ్ల వీసాకు ముందుగానే 18,110 పౌండ్లు కడతారు. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద వచ్చినవారికి ఇందులో మినహాయింపు ఉంది. ఇంత కట్టి కూడా వచ్చిన ఆరు నెలల వరకు జీపీ (స్థానిక కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు నమోదు చేసుకోని కుటుంబాలను చూస్తూనే ఉన్నాను. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. చిరునామా పత్రం, వీసా పత్రం లేవన్న కారణంతో జీపీ నమోదును నిరాకరించకూడదని ఇంగ్లండ్‌లో మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. దిగిన మొదటి వారంలోనే ఆ పని పూర్తి చేయండి. ప్రైవేటు బీమా ఉన్నా, స్పెషలిస్టు దగ్గరకు వెళ్లడానికి చాలా సందర్భాల్లో జీపీ రిఫరల్ ఉత్తరం కావాలి. మన దేశంలో లాగా మోకాలు నొప్పి అనగానే నేరుగా ఎముకల డాక్టరు గుమ్మం తొక్కే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఈ రెండు వ్యవస్థలు ఇంతగా అల్లుకుపోవడానికి కారణం 1948 నాటిది. ఆ ఏడాది జూలై 5న ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ ఎన్‌హెచ్‌ఎస్‌ను ప్రారంభించినప్పుడు, పెద్ద వైద్యులను ఒప్పించడానికి వారు సొంతంగా ప్రైవేటు ప్రాక్టీసు కొనసాగించుకోవచ్చునని అంగీకరించవలసి వచ్చింది. ఆ రాజీ నేటికీ నడుస్తోంది. ప్రైవేటు ఆసుపత్రిలో మిమ్మల్ని చూసే కన్సల్టెంట్లలో (సీనియర్ స్పెషలిస్టు వైద్యులలో) అత్యధికులు వారంలో మిగిలిన రోజులు ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసేవారే. అందువల్ల ప్రైవేటుకు వెళితే మరింత గొప్ప వైద్యుడు దొరుకుతాడన్న నమ్మకానికి ఇక్కడ పెద్దగా ఆధారం లేదు. పైగా చాలా ప్రైవేటు ఆసుపత్రులలో పూర్తి స్థాయి ఇంటెన్సివ్ కేర్ ఉండదు. శస్త్రచికిత్స తరువాత పరిస్థితి విషమిస్తే రోగిని అంబులెన్సులో దగ్గరలోని ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రికే తరలిస్తారు. అత్యవసరమైతే 999కి, అంత అత్యవసరం కాని సందేహమైతే 111కి ఫోన్ చేయడమే బీమా ఉన్నవారికీ లేనివారికీ దారి.

మరి ప్రైవేటు రంగం ఇంతగా ఎందుకు పెరిగింది? నిరీక్షణ వల్ల. కోవిడ్ మహమ్మారికి ముందు ఇంగ్లండ్‌లో ఆసుపత్రి చికిత్స కోసం వేచి ఉన్న కేసులు సుమారు 45 లక్షలు. 2023 సెప్టెంబరు నాటికి అవి 77 లక్షలు దాటాయి. ఆ తరువాత కొంత తగ్గినా 2025లో కూడా 70 లక్షలకు పైగానే ఉన్నాయి. రిఫరల్ నుంచి 18 వారాల లోపు 92 శాతం మందికి చికిత్స మొదలుకావాలన్న ప్రమాణం దాదాపు పదేళ్లుగా నెరవేరలేదు. దానిని 2029 మార్చి నాటికి మళ్లీ అందుకుంటామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ఈ నేపథ్యంలో 2023లో దేశమంతటా ప్రైవేటు ఆసుపత్రుల్లో చేరికలు సుమారు 9 లక్షలకు చేరి కొత్త రికార్డు నెలకొల్పాయి. వాటిలో 70 శాతం దాకా బీమా ద్వారా వచ్చినవి, మిగిలినవి సొంత డబ్బుతో చేయించుకున్నవి.

ఇక్కడ మనవారిలో చాలామందికి తెలియని హక్కు ఒకటి ఉంది. దానిని కాస్త వివరంగా చెబుతాను. ఇంగ్లండ్‌లో జీపీ మిమ్మల్ని స్పెషలిస్టుకు పంపేటప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఎంచుకునే హక్కు మీకు ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఆ జాబితాలో ఉంటాయి. మీరు వాటిలో ఒకదానిని ఎంచుకున్నా బిల్లు ఎన్‌హెచ్‌ఎస్‌దే, మీరు ఒక్క పౌండు కూడా కట్టనవసరం లేదు. ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుతో ఇంగ్లండ్‌లో జరిగే కంటి శుక్లాల శస్త్రచికిత్సల్లో సగానికి పైగా ఇప్పుడు ప్రైవేటు సంస్థలే చేస్తున్నాయి. తుంటి, మోకాలు మార్పిడులలోనూ వాటి వాటా గణనీయమైనది. ఒకే నగరంలో రెండు ఆసుపత్రుల మధ్య నిరీక్షణ కాలం నెలల తేడాతో ఉండవచ్చు. జీపీ రిసెప్షన్‌లో ఎవరూ తమంతట తాము ఈ మాట చెప్పకపోవచ్చు కనుక, "నాకు ఎంపిక అవకాశాలు చూపించండి" అని మీరే అడగాలి. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో ఈ హక్కు ఈ రూపంలో లేదు.

ఇక బీమా. బూపా, ఆక్సా, అవీవా, వైటాలిటీ అనే నాలుగు పేర్లు ఈ రంగంలో తరచుగా వినిపిస్తాయి. ఎవరి దగ్గర కొన్నా మూల సూత్రం ఒకటే. కొత్తగా వచ్చి, చికిత్సతో నయమయ్యే జబ్బులకు మాత్రమే అది వర్తిస్తుంది. మధుమేహం, ఆస్తమా, అధిక రక్తపోటు, థైరాయిడ్ వంటి దీర్ఘకాలిక వ్యాధుల నిర్వహణ ఎన్‌హెచ్‌ఎస్ బాధ్యతే. సాధారణ గర్భధారణ, కాన్పు, అత్యవసర చికిత్స మామూలుగా ఇందులోకి రావు. దంతాలకు వేరే ఏర్పాటు చేసుకోవాలి. క్యాన్సర్ విషయంలో పాలసీలు ఒకదానికొకటి చాలా భిన్నంగా ఉంటాయి గనుక, ఆ పేజీని మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి.

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది ముందునుంచి ఉన్న జబ్బుల నిబంధన. మారటోరియం పద్ధతిలో బీమా కొనేటప్పుడు ఆరోగ్య చరిత్ర గురించి పెద్దగా ఏమీ అడగరు. గత ఐదేళ్లలో మీకు లక్షణాలు కనబడిన, చికిత్స లేదా సలహా తీసుకున్న ఏ సమస్యకైనా మొదట బీమా వర్తించదు. పాలసీ మొదలైన తరువాత రెండేళ్ల పాటు ఆ సమస్య మళ్లీ తలెత్తకుండా ఉంటేనే అది వర్తించే జాబితాలోకి వస్తుంది. నేను నా మొదటి పాలసీని ఇలాగే, పది నిమిషాల్లో, ఫోన్ మీద కొన్నాను. ఏడాది తిరగకుండా నడుము నొప్పి వచ్చింది. క్లెయిమ్ చేస్తే బీమా సంస్థ నా జీపీ నుంచి రికార్డులు తెప్పించుకుంది. పాలసీకి రెండేళ్ల ముందు ఇండియాలో నడుముకు ఎంఆర్‌ఐ చేయించుకున్నానని, జీపీ నమోదు ఫారంలో నేనే స్వహస్తాలతో రాసి ఉన్నాను. క్లెయిమ్ తిరస్కరించారు. నిబంధన ప్రకారం వారు చేసింది సరైనదే. కొనేముందు చదవకపోవడం నా పొరపాటు. చివరికి ఎన్‌హెచ్‌ఎస్ ఫిజియోథెరపీతోనే ఉపశమనం దొరికింది. మీకు పాత ఆరోగ్య సమస్యలు ఏమైనా ఉంటే, కొనేముందే చరిత్ర అంతా తెలిపి, ఏది వర్తిస్తుందో ఏది వర్తించదో రాతపూర్వకంగా తెలుసుకునే పూర్తి వైద్య పరిశీలన పద్ధతి మేలని నా అభిప్రాయం. ఆ పని కాస్త శ్రమతో కూడినదే అయినా, క్లెయిమ్ రోజున ఆశ్చర్యం ఉండదు.

ఉద్యోగం ద్వారా బీమా వస్తే పరిస్థితి మెరుగ్గా ఉండవచ్చు. పెద్ద సంస్థల బృంద పాలసీలలో కొన్ని, పాత ఆరోగ్య చరిత్రను అసలు లెక్కలోకి తీసుకోవు. మీ ఆఫీసులో మానవ వనరుల విభాగాన్ని ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి. అయితే యజమాని కట్టే ప్రీమియాన్ని పన్ను శాఖ మీ ఆదాయంగా పరిగణిస్తుంది. వెయ్యి పౌండ్ల ప్రీమియం ఉంటే, 40 శాతం శ్లాబులో ఉన్నవారికి 400 పౌండ్ల పన్ను పడుతుంది. ఉద్యోగం మారేటప్పుడు అదే బీమా సంస్థతో అవే షరతుల మీద వ్యక్తిగత పాలసీగా కొనసాగించే వీలు తరచు ఉంటుంది, కానీ దానికి గడువు తక్కువ. కాబట్టి రాజీనామా ఇచ్చే ముందే విచారించాలి. మధ్యలో విరామం వస్తే అప్పటికి తేలిన జబ్బులన్నీ కొత్త పాలసీకి పాత జబ్బులైపోతాయి.

సొంతంగా కొనేవారికి ప్రీమియం తగ్గించుకునే మార్గాలలో నాకు బాగా నచ్చినది ఆరు వారాల షరతు. అవసరమైన చికిత్స ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆరు వారాల లోపు అందేటట్లయితే అక్కడే చేయించుకుంటారు, అంతకంటే ఆలస్యమైతే బీమా భరిస్తుంది. మొదట కొంత మొత్తం మీరే భరించే ఎక్సెస్‌ను పెంచుకోవడం, మధ్య లండన్ ఆసుపత్రులు లేని జాబితాను ఎంచుకోవడం కూడా ఖర్చు తగ్గిస్తాయి. ఏ అపాయింట్‌మెంటుకైనా ముందే బీమా సంస్థ నుంచి అనుమతి సంఖ్య తీసుకోండి. మీ కన్సల్టెంటు అడిగే ఫీజు బీమా సంస్థ పరిమితికి మించితే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

ఒక్క స్కాన్ కోసమో ఒక్క సంప్రదింపు కోసమో ఏళ్ల తరబడి ప్రీమియం కట్టడం కంటే, అవసరమైనప్పుడు సొంత డబ్బుతో చేయించుకోవడం కొందరికి చవక. అలా ప్రైవేటులో పరీక్ష చేయించుకున్నంత మాత్రాన ఎన్‌హెచ్‌ఎస్ హక్కు పోదు. తిరిగి ఎన్‌హెచ్‌ఎస్ చికిత్సలో చేరవచ్చు. కాకపోతే వైద్య అవసరాన్ని బట్టి అందరిలాగే వరుసలో నిలబడాలి. ప్రైవేటు వైద్యుడు రాసిన ఖరీదైన మందులను జీపీ ఎన్‌హెచ్‌ఎస్ చీటీ మీద రాసి తీరాలన్న నియమమూ లేదు.

రాబోయే సంవత్సరాల గురించి నా అంచనా ఇది. ఈ రంగం పెరుగుతుంది, కానీ ఎన్‌హెచ్‌ఎస్ నుంచి విడివడి పెరగలేదు, ఎందుకంటే రెండింటికీ వైద్యులు, నర్సులు, మత్తు నిపుణులు ఒకే కొలను నుంచి రావాలి. పెట్టుబడికి కొరత లేదు. దేశంలోని అతి పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల సమూహాలలో ఒకటైన సర్కిల్‌ను అబుదాబికి చెందిన ప్యూర్‌హెల్త్ కొనుగోలు చేసింది. హెచ్‌సీఏ అమెరికన్ సంస్థ, రామ్‌సే ఆస్ట్రేలియా సంస్థ. నఫీల్డ్ హెల్త్ మాత్రం ధర్మసంస్థగా నమోదైనది. భవనాలు, యంత్రాలు డబ్బుతో వస్తాయి, అనుభవం గల సర్జన్ పదిహేనేళ్లకు గానీ తయారుకాడు. 2025 జనవరిలో ప్రకటించిన ప్రణాళికలో ప్రభుత్వం నిరీక్షణను తగ్గించేందుకు ప్రైవేటు ఆసుపత్రులను ఇంకా ఎక్కువగా వాడుకుంటామని చెప్పింది. అంటే ఆ ఆసుపత్రుల ఆదాయంలో పన్నుదారుల డబ్బు వాటా పెరుగుతుంది. నిరీక్షణ నిజంగా తగ్గితే మొదట వెనక్కి తగ్గేది సొంత డబ్బుతో వచ్చేవారే. బీమా ప్రీమియాలు తగ్గుతాయని మాత్రం నేను ఆశించను. క్లెయిములు పెరుగుతున్నాయి, ఏటా మన వయసు పెరుగుతుంది, 2017 జూన్ నుంచి ప్రీమియం మీద 12 శాతం పన్ను ఉంది, 2025 ఏప్రిల్ నుంచి యజమానులు చెల్లించే నేషనల్ ఇన్సూరెన్స్ 15 శాతానికి పెరిగి ఆసుపత్రుల జీతాల ఖర్చూ పెరిగింది. అందుకే మొదటి ఏడాది ధరను చూసి నిర్ణయం తీసుకోవద్దు. యాభై ఏళ్ల వయసులో ఈ ప్రీమియం కట్టగలనా అని ఇప్పుడే ఆలోచించండి.

నాణ్యత విషయంలోనూ జాగ్రత్త అవసరం. అనవసర శస్త్రచికిత్సలు చేసినందుకు 2017లో శిక్ష పడిన రొమ్ము సర్జన్ ఇయాన్ పాటర్సన్ ఎన్‌హెచ్‌ఎస్‌లోనూ ప్రైవేటులోనూ పనిచేశాడు. 2020 నాటి విచారణ నివేదిక రెండు వ్యవస్థల పర్యవేక్షణ లోపాలనూ ఎత్తిచూపింది. వైద్యుని పేరు జనరల్ మెడికల్ కౌన్సిల్ స్పెషలిస్టు రిజిస్టరులో ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రుల తనిఖీ నివేదికలను కేర్ క్వాలిటీ కమిషన్ ప్రచురిస్తుంది. బీమా తిరస్కరణ అన్యాయమనిపిస్తే ముందు సంస్థకే ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోయినా, వారి తుది జవాబు తృప్తికరంగా లేకపోయినా, వివాదాలు తేల్చే స్వతంత్ర సంస్థ అయిన ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు.

చివరిగా, మిమ్మల్ని చూడడానికి వచ్చే అమ్మానాన్నల గురించి. విజిటర్ వీసా మీద వచ్చేవారు సర్‌చార్జి కట్టరు. అందుచేత ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే ఎన్‌హెచ్‌ఎస్ తన ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తుంది. ప్రమాద, అత్యవసర విభాగంలో చూసినంతవరకు ఉచితమే, వార్డులో చేర్చిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. 500 పౌండ్లకు మించిన బాకీ రెండు నెలలు తీరకుండా ఉంటే ఆ సమాచారం వీసాలు చూసే హోం ఆఫీసుకు చేరి, వారి తదుపరి వీసాకు అడ్డంకి కావచ్చు. మీ ప్రైవేటు బీమాలో వారిని చేర్చడం మామూలుగా కుదరదు. టికెట్లు కొనే రోజునే, వారికి ఉన్న బీపీ, షుగరు, గుండె సమస్యలన్నీ దాచకుండా తెలిపి, అవన్నీ వర్తిస్తాయని పాలసీ పత్రంలో రాసి ఉన్న ప్రయాణ బీమాను తీసుకోండి.