వరద గేట్లు ఉన్నా వెనిస్ లగూన్‌కు వాతావరణ మార్పు వల్ల ముప్పు ఎందుకు?

వెనిస్‌ను కాపాడే గేట్లు పనిచేస్తున్నప్పుడు సముద్రమట్టం పెరిగితే మాత్రం నష్టమేమిటన్నది ఇక్కడి ప్రశ్న. వెనిస్ చుట్టూ ఉన్న లగూన్ (సన్నని దీవులు సముద్రం నుంచి వేరుచేసే లోతు తక్కువ ఉప్పునీటి ప్రాంతం) సముద్రంతో కలిసే లిడో, మలమొక్కో, కియోజా ముఖద్వారాల వద్ద అమర్చిన 78 ఉక్కు గేట్లు 2020 అక్టోబరు నుంచి పెద్ద పోట్లను ఆపుతున్న మాట నిజమే. 1966 నవంబరులో 194 సెంటీమీటర్లకు, 2019 నవంబరులో 187 సెంటీమీటర్లకు నీరు చేరిన నగరానికి అది చిన్న ఊరట కాదు. అయితే సముద్రమట్టం పెరిగేకొద్దీ మామూలు పోటు సైతం ప్రమాదస్థాయిని దాటుతుంది కనుక, గేట్లను మరింత తరచుగా, మరింత ఎక్కువసేపు మూయవలసి వస్తుంది.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. లగూన్‌లోని కాలుష్యాన్ని బయటికి తీసుకుపోయి, తాజా నీటిని లోపలికి తెచ్చేవి ఆటుపోట్లే. మూసివేతలు ప్రస్తుతం ఎక్కువగా శరదృతువు, శీతాకాలాలకే పరిమితం కాబట్టి దుష్ప్రభావం అంతగా కనిపించదు. అవి వెచ్చని నెలలకూ విస్తరిస్తే నిలిచిన నీటిలో నాచు పెరిగి, కుళ్లి, ఆక్సిజన్ తగ్గి చేపలకు ముప్పు వాటిల్లుతుంది.

అంతకంటే తక్కువగా చర్చకు వచ్చేది, నా దృష్టిలో ఎక్కువ తీవ్రమైనది, చిత్తడి నేలల క్షయం. అలల తాకిడిని తగ్గించే ఈ ఉప్పునేలలు పెరిగే నీటిమట్టంతో సమానంగా ఎత్తు పెరగాలంటే వాటిపై ఒండ్రు పేరుకోవాలి; ఆ ఒండ్రులో అధిక భాగాన్ని మోసుకొచ్చేది గేట్లు అడ్డుకుంటున్న తుపాను పోట్లే. అంటే నగరాన్ని రక్షించే ఏర్పాటే లగూన్ సహజ రక్షణను బలహీనపరుస్తోంది. దీనికి తోడు, గతంలో భూగర్భజలాలను విపరీతంగా తోడినందువల్ల కుంగిన నేల మళ్లీ పూర్తిగా పైకి రాలేదు.