డాక్టర్ సలహా: రియాక్టర్ మంటలు చూసినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు.. ఏ మాత్ర వాడాలి?

ప్రశ్న: మా ఆయనకు 36 ఏళ్లు. పటాన్‌చెరు దగ్గర ఒక బల్క్‌డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఆపరేటర్. ఇప్పటికీ కాంట్రాక్టు మీదే ఉన్నారు. కిందటేడు వాళ్ల బ్లాక్‌లో రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) దగ్గర మంటలు లేచి ఇద్దరికి ఒళ్లు కాలింది. వాళ్లలో ఒకతను దక్కలేదు. అతన్ని బయటికి మోసుకొచ్చిన వాళ్లలో మా ఆయన ఉన్నారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే బ్లాక్‌లో డ్యూటీ వేశారు. అప్పటి నుంచి నిద్ర పట్టదు, పట్టినా కేక పెట్టి లేస్తారు. కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడి పిల్లల మీద అరుస్తారు. తలనొప్పి, గుండెదడ అంటే ఈసీజీ తీయించాం. నార్మల్ అని గ్యాస్ మాత్రలు రాశారు. మెడికల్ షాపులో అడిగితే నిద్రకు ఆల్‌ప్రాజోలం ఇచ్చారు. మొదట్లో సగం మాత్ర సరిపోయేది, ఇప్పుడు మూడు వేసుకున్నా పనిచేయడం లేదు. సాయంత్రాలు కల్లు తాగుతున్నారు. ఒక్కోసారి ‘నేను పోతే మీకు పైసలన్నా వస్తయి’ అంటున్నారు. ఇంతకంటే పవర్ ఉన్న, సైడ్ ఎఫెక్టులు లేని మాత్ర పేరు చెప్పగలరా? బి12 తక్కువైతే ఇలా అవుతుందని మా మరిది అంటున్నాడు, నిజమేనా?
- ఒక సోదరి, ఇస్నాపూర్

జవాబు: అమ్మా, మాత్ర పేరు నేను రాయను. కారణం తర్వాత చెబుతాను. నిద్ర గురించి ఇంత వివరంగా రాసిన మీరు, ‘నేను పోతే పైసలన్నా వస్తయి’ అన్న మాటను చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు మొదట కంటపడింది అదే. ముందు దాని సంగతి చూద్దాం.

ఈ మాట నేను మొదటిసారి వినడం లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా పోయారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు కోటి రూపాయలని ప్రకటన వచ్చాక, జ్వరానికో నడుంనొప్పికో ఓపీకి వచ్చిన కార్మికులు నా ముందు ఆ అంకె ఎత్తారు. అప్పులున్న మనిషి, రోజూ భయపడుతూ గేటు దాటే మనిషి మనసులో ఆ లెక్క ఎక్కడో పడుతుంది. విసుగులో అన్నాడులే అని ఇంట్లో కొట్టిపారేస్తారు. దయచేసి అలా చేయకండి. నిద్రలేమి, తాగుడు, కళ్ల ముందే తోటి మనిషి కాలిపోవడం, ఇప్పుడు ఈ మాట.. ఇవన్నీ ఒకే మనిషిలో కలిస్తే వైద్యుడిగా నేను తేలిగ్గా తీసుకోలేను.

ఇవాళే, పిల్లలు పడుకున్నాక, సూటిగా అడగండి. ‘మీకు చనిపోవాలని అనిపిస్తోందా? ఎట్లా అని ఏమన్నా ఆలోచించారా?’ అనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామందికి భయం. అలా పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటతో ఏడ్చేసినవాళ్లను నేను చూశాను. అవునన్నా, జవాబు దాటేసినా ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. ఆ రోజే ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు గానీ, దగ్గర్లో అత్యవసర విభాగం ఉన్న ఏ ఆస్పత్రికైనా గానీ తీసుకెళ్లండి. వెంటనే బయల్దేరలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీరూ మాట్లాడొచ్చు, ఆయనే మాట్లాడాలని లేదు. ఇంట్లో మాత్రలన్నీ మీ దగ్గర పెట్టుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. ఊళ్లో పొలం ఉండి పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే దాన్ని ఇవాళే బయటికి పంపేయండి.

ఇక ఆయనకేమైందన్నది. మనిషిని చూడకుండా జబ్బుకు పేరు పెట్టడం సరికాదు, నేను మానసిక వైద్య నిపుణుడిని కూడా కాను. కానీ మీరు రాసిన లక్షణాలు ఘోరమైన ప్రమాదం చూసినవాళ్లలో వచ్చే పీటీఎస్‌డీని తలపిస్తున్నాయి. జరిగింది కలల్లో మళ్లీ మళ్లీ కనిపించడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, ఊరికే కోపం, గుండెదడ.. ప్రమాదం తర్వాత కొన్ని వారాలు ఇవి చాలామందికి ఉంటాయి, చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గలేదంటే వైద్యం కావాలి. మీరు ఏడాదిగా ఓపిక పట్టారు. అప్పుడే వచ్చి ఉండాల్సింది అని ఒక్క మాట అనకుండా ఉండలేకపోతున్నాను.

మీ ఆయన విషయంలో ఇంకో చిక్కుంది. బస్సు ప్రమాదం చూసినవాడు కొన్నాళ్లు బస్సెక్కకుండా తిరగ్గలడు. మీ ఆయనకు ఆ వీలు లేదు. అదే బ్లాక్, రసాయనాలు కరిగించడానికి వాడే అదే సాల్వెంట్ వాసన, వాల్వు తిప్పితే అదే చప్పుడు. మెదడు ఆ వాసననూ ఆ రోజునూ ముడివేసి దాచుకుంటుంది. షిఫ్టుకు వెళ్లిన ప్రతిసారీ ‘పారిపో’ అని ఒంటికి కబురు పంపుతుంది. గుండె అందుకే దడదడలాడుతుంది. జీతం కోసం ఆయన పన్నెండు గంటలు అక్కడే నిలబడతాడు. ఈసీజీలో ఇదేమీ కనపడదు. గ్యాస్ మాత్రకు తగ్గదు. ‘మగాడివి, ధైర్యం తెచ్చుకో’ అని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఆపించండి. కాలుతున్న మనిషిని మోసుకొచ్చినవాడికి ధైర్యం తక్కువైందని ఎట్లా అంటాం?

ఇప్పుడు మాత్ర సంగతి. దీని మీద కాస్త గట్టిగానే రాస్తాను, ఏమనుకోకండి.

ఆల్‌ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలి. మీకు ఇచ్చిన షాపులో మీ ఆయన పేరు ఏ రిజిస్టర్‌లోనైనా ఉందా? తప్పు షాపువాడిదే, కాదనను. కానీ నెలల తరబడి ఒక్క డాక్టర్‌నూ అడగకుండా సగం నుంచి ఒకటి, ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడుకు వెళ్లింది ఇంట్లోనే కదా. ఈ మందు కొన్ని వారాలు వరసగా వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. అదే నిద్రకు ఇంకా ఎక్కువ కావాలంటుంది. పవర్ తగ్గలేదమ్మా, శరీరం మొద్దుబారింది. ఇంకా పవర్ ఉన్నది ఇచ్చినా నాలుగు వారాల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు. పైగా పీటీఎస్‌డీకి ఈ రకం మాత్రలు వైద్యమే కావు. వాడొద్దనే వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

ఇంకో లెక్క చూడండి. ఈ మందు మింగిన పదీ పన్నెండు గంటలకు కూడా దాదాపు సగం రక్తంలోనే ఉంటుంది. రాత్రి పదింటికి మూడు మాత్రలు వేసుకున్న మనిషి పొద్దున షిఫ్టుకు వెళ్లి రియాక్టర్‌లో రసాయనాలు నింపుతున్నాడు. టెంపరేచర్ పెరిగిందని గమనించడం, కూలింగ్ వాల్వు తిప్పడం, అరుపు వినగానే వెనక్కి దూకడం.. అన్నీ ఒక్క క్షణం ఆలస్యమవుతాయి. ఆ పనిలో ఆ క్షణం ఎంతదో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

అయితే నా జవాబు చదివి, కోపమొచ్చి స్ట్రిప్పులన్నీ చెత్తబుట్టలో వేయకండి. దండం పెట్టి చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ఒక హెల్పర్ భార్య మంచి ఉద్దేశంతోనే అలా చేసింది. మూడో రోజు రాత్రి అతన్ని ఫిట్స్‌తో ఎత్తుకొచ్చారు. నెలలుగా వాడుతున్న ఈ మందును ఉన్నపళంగా ఆపితే చేతుల వణుకు, చెమటలు, గందరగోళం, మూర్ఛ కూడా రావచ్చు. వారాల మీద, కొంచెం కొంచెంగా, డాక్టర్ చూస్తుండగా తగ్గించాలి. అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఇప్పుడున్న మోతాదును పెంచకండి, ఒక్కసారిగా ఆపకండి.

కల్లు దగ్గరికి వస్తే నా భయం రెట్టింపవుతోంది. మద్యం ఏదైనా సరే ఈ మాత్రలతో కలిస్తే నిద్రలో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. అది చెట్టు కల్లేనా, కాంపౌండ్ కల్లా? మన ప్రాంతంలో కల్లులో కలిపే కల్తీ చాలాసార్లు ఈ ఆల్‌ప్రాజోలమే, లేదంటే డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వింతగా ప్రవర్తిస్తూ, మెడలు వంకర్లు పోయి, ఫిట్స్ వచ్చి ఆస్పత్రుల్లో నిండిపోయారు. మీ ఆయన తాగేది అలాంటిదైతే మీరు లెక్కపెట్టే మూడు మాత్రలు మూడు కావు. ఈ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. సిగ్గుపడితే మోతాదు లెక్క తప్పుతుంది.

తలనొప్పి గురించి ఒక ప్రశ్న. వీక్లీ ఆఫ్ రోజున, నాలుగు రోజులు ఊరికి వెళ్లినప్పుడు తగ్గుతోందా? తగ్గుతుంటే సాల్వెంట్ల పాత్ర చూడాలి. టోలుయీన్ లాంటివి ఎక్కువకాలం పీలిస్తే తలనొప్పి, చిరాకు, మతిమరుపు రావచ్చు. కంపెనీల్లో ఎండీసీ అంటారే, ఆ డైక్లోరోమీథేన్ ఒంట్లోకి వెళ్లాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, అంటే రక్తం ఆక్సిజన్‌ను మోయడం తగ్గుతుంది. దడకు అది కూడా ఒక కారణం కావచ్చు. అంటే ‘అంతా మనసులోనే ఉంది’ అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోకండి, ‘అంతా కెమికల్ వల్లే’ అన్నా ఒప్పుకోకండి. రెండూ చూడాలి. ముక్కుకు కట్టుకునే గుడ్డ, దుమ్ము మాస్క్ సాల్వెంట్ ఆవిరిని ఆపవు. చాలా సాల్వెంట్లకు ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, కార్ట్రిడ్జ్‌ను వేళకు మార్చాలి. ఎండీసీకి అదీ చాలదు, బయటి నుంచి గాలి అందించే మాస్క్ కావాలి. ఆయనకు ఏది ఇస్తున్నారో కనుక్కోండి.

వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. ఆ జ్ఞాపకాన్ని భయం లేకుండా ఎదుర్కోవడం నేర్పే ప్రత్యేకమైన కౌన్సెలింగ్ ముఖ్యం. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు ఇస్తారు. అవి నిద్రమాత్రలు కావు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలో తేడా లేదని మానేయకూడదు. పేరు రాశాను కదా అని దీన్నీ షాపులో కొనకండి!

ఉద్యోగం పోతుందన్న భయంతోనే ఆయన ఎక్కడా చెప్పుకోలేదని అనుకుంటున్నాను. కాంట్రాక్టు కార్మికుడికి ఆ భయం ఉత్తిది కాదు. అయితే రెండు విషయాలు తెలుసుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి, డాక్టర్ వాటిని కంపెనీకి చెప్పకూడదు. ‘చికిత్సలో ఉన్నారు, ఇన్ని వారాలు నైట్ షిఫ్టు, ప్రమాదకరమైన పనులు వద్దు’ అన్నంత వరకే సర్టిఫికెట్ తీసుకుని, కొన్నాళ్లు ప్యాకింగ్‌కో స్టోర్స్‌కో మార్చమని అడగొచ్చు. జీతంలో ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత పడుతోందేమో స్లిప్పు చూడండి. పడుతుంటే డిస్పెన్సరీ నుంచి మానసిక వైద్యుడికి రెఫర్ చేయించుకోవచ్చు. నిబంధనల మేరకు చందా రోజులు పూర్తయి ఉంటే సెలవు పెట్టినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం వస్తుంది. నెల నెలా కోత కట్టి కూడా ఈ డబ్బు ఉందని తెలియని కుటుంబాలు నా ఓపీకి వారానికొకటైనా వస్తాయి.

కంపెనీవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. ప్రమాదం జరిగాక బ్లాక్ కడిగి, పైపులు మార్చి, ఇన్‌స్పెక్షన్ అయ్యాక ప్రొడక్షన్ మొదలుపెడతారు. ఆ రోజు షిఫ్టులో ఉన్న మనుషుల్ని పిలిచి ‘నిద్ర పడుతోందా’ అని అడిగిన చోటు నాకు ఇంతవరకు తారసపడలేదు. నిద్రమాత్ర మీద నడుస్తున్న ఆపరేటర్ వల్ల ఆ షిఫ్టులో ఉన్న అందరికీ ముప్పే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, ఈసీజీ, కంపెనీలో చేసిన మెడికల్ చెకప్ కాగితాలు ఉంటే అవి, బ్లాక్‌లో వాడే సాల్వెంట్ల పేర్లు ఒక చీటీ మీద రాసుకుని తీసుకెళ్లండి. ఆయనతో పాటు మీరూ లోపలికి వెళ్లండి. ఆయన ‘నిద్ర పట్టట్లేదు సార్’ అని మాత్రమే చెబుతారు, మిగతాది మీరు చెప్పాలి. ఇది పత్రికలో రాసిన సలహా మాత్రమే, స్వయంగా పరీక్షించిన డాక్టర్ చెప్పిందే పాటించండి.

బి12 గురించి అడిగారు. తక్కువైతే నీరసం, చిరాకు, మతిమరుపు రావచ్చు. థైరాయిడ్, షుగర్, లివర్ పరీక్షలతో పాటు అదీ చేయిస్తారు. తక్కువుంటే ఇస్తారు. ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగకండి, ‘చనిపోవాలని అనిపిస్తోందా’ అన్న ఆ మాట ఇవాళే అడగండి.