రంపానికి అప్పు దొరికింది సరే, వేళ్లకు బీమా ఏది?

ప్రశ్న: సార్, మాది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. జీతం 36,000. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 27,000, చీటీకి సగటున 4,500 పోతుంది. బ్యాంకులో 14,000 ఉంది. నిరుడు రెండు నెలలు జీతం ఆలస్యమైతే బావమరిది దగ్గర సర్దుకున్నాను. ఆదివారాలు ప్లైవుడ్‌తో చెప్పుల స్టాండు, అరలు చేయడం సరదా. 12 వోల్టుల డ్రిల్ ఉంది. అపార్ట్‌మెంట్, పైగా ఆరు నెలల పాప. అందుకే చిన్నగా, చప్పుడు తక్కువగా ఉండే కార్డ్‌లెస్ సర్క్యులర్ రంపం కొనాలనుకుంటున్నాను. 18 వోల్టుల కిట్ 29,500. లోన్ యాప్‌లో 30,000 అప్రూవ్ అయింది, నెలకు 3,050 చొప్పున 12 నెలలు. నూటికి రెండు రూపాయల వడ్డీ కూడా పడట్లేదు. తెలిసినవాళ్లకు ఏమైనా చేసిపెడితే నాలుగు డబ్బులు కూడా వస్తాయి. లోన్ తీసుకోమంటారా, ఇంకో ఐదు నెలలున్న లక్ష రూపాయల చీటీని ఇప్పుడే పాడేయమంటారా?

జవాబు: రెండూ వద్దు.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది రంపం కోసం కాదు. బ్యాంకులో సగం నెల ఖర్చుకు సరిపడా డబ్బు పెట్టుకుని, దానికి రెండింతలు అప్పు చేయబోతూ, ఏ మోడల్ కొనాలన్న సందేహం ఒక్కటే మిగిలినవాళ్లు చాలామంది రాస్తుంటారు. ఒకరికి కెమెరా, ఒకరికి కుట్టుమిషన్, మీకు రంపం. అందరూ చివర్లో 'నాలుగు డబ్బులు వస్తాయి' అని ఒక వాక్యం కలుపుతారు. ఆ నాలుగు డబ్బులు ఎవరిస్తారో, ఎప్పుడిస్తారో మాత్రం ఎవరూ రాయరు.

ముందు వడ్డీ సంగతి. ఊళ్లో నూటికి రెండు రూపాయలంటే మిగిలిన అసలు మీద లెక్క. సగం అసలు తీరిస్తే వడ్డీ కూడా సగమవుతుంది. మీ యాప్ చివరి నెల దాకా పూర్తి 30,000 మీద వడ్డీ వేసుకుంటోంది. 3,050ని పన్నెండుతో గుణించండి: 36,600. అది కాక, మీరు పంపిన కాగితం ప్రకారం ప్రాసెసింగ్ ఫీజు 900, దాని మీద 18 శాతం జీఎస్టీ 162 ముందే పట్టుకుంటారు. అంటే ఖాతాలో పడేది 28,938. ఆ డబ్బుతో మీ 29,500 కిట్ కూడా రాదు! అసలు తగ్గుతూ పోయే లెక్కన చూస్తే ఇది ఏడాదికి 45 శాతం దాటుతుంది. పొద్దస్తమానం అకౌంట్స్ చూసే మనిషి ఈ లెక్క వేసుకోకపోవడం నాకు కొంచెం కోపమే తెప్పించింది. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం యాప్ మీకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు వివరాలన్నీ ఒకచోట చూపే కాగితం, ఇవ్వాలి. అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే మొత్తం వడ్డీ శాతం) అన్న గడి చూడండి, నేను చెప్పనక్కర్లేదు.

నో కాస్ట్ ఈఎంఐ అని షాపువాళ్లు అంటే, సున్నా వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే చెప్పిందని గుర్తుంచుకోండి. బంగారం తాకట్టు యాప్ కన్నా చవకే, కానీ సరదాకి కొనే రంపం కోసం దాని జోలికి పోవద్దు. చీటీ ఇప్పుడు పాడితే తోసుడు, అంటే పాటలో వదులుకోవాల్సిన సొమ్ము, ఎంత పోతుందో మీకే తెలుసు.

అసలు విషయానికి వస్తాను. మీ ఫ్యాక్టరీ నుంచి పోయే గెలాక్సీ రాయి, అదే మెరుపు చుక్కల నల్ల గ్రానైట్, ఎక్కువగా విదేశాలకే. అక్కడ ఎవరో ఇళ్లు కట్టడం ఆపితే చీమకుర్తిలో జీతాలు ఆగుతాయి. నిరుడు రెండు నెలలు చూశారు. అప్పుడు పాప లేదు. ఈసారి ఆలస్యమైతే పాలడబ్బాకీ, డాక్టరుకీ, ఈఎంఐకీ కలిపి బావమరిదిని అడుగుతారా? మీకు కావలసింది ఆరు నెలల ఖర్చు, అంటే 1,62,000. అది లేకుండా మీరు కొనే ప్రతి వస్తువూ బావమరిది డబ్బుతో కొన్నట్టే.

చీటీ చివరిదాకా ఉంచితే కమీషన్ పోను 95,000 వస్తుంది. ఈఎంఐ కట్టగలనన్న ఆ 3,050ని ఈ నెల నుంచే ఆర్‌డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. ఐదు నెలలకు 15,250. చేతిలోని 14,000తో కలిపితే 1,24,250. ఆ తర్వాత చీటీ డబ్బు కూడా మిగులుతుంది కాబట్టి నెలకు 7,550 వేయగలరు. పదో నెలకు 1,62,000 పూర్తి. పదకొండు, పన్నెండు నెలల డబ్బు 15,100 రంపానిది. యాప్‌వాళ్లకు చివరి కిస్తీ కట్టాల్సిన నెలకే రంపం అప్పు లేకుండా ఇంట్లో ఉంటుంది.

15,100తో ఏం వస్తుందంటారా? మీరు పంపిన స్క్రీన్‌షాట్‌ను కిందికి జరిపి చూశారా? మీ డ్రిల్ కంపెనీదే 12 వోల్టుల రంపం, బ్యాటరీ, చార్జర్ లేకుండా 9,800కి ఉంది. డ్రిల్ బ్యాటరీ దానికి సరిపోతుందని షాపులో పెట్టించి చూసి మరీ కొనండి. కిట్ ధరలో పెద్ద భాగం బ్యాటరీలదే, అవి మీ దగ్గర ఉండనే ఉన్నాయి. ఈ రకం రంపానికి 85 మిల్లీమీటర్ల బ్లేడు ఉంటుంది, 26 మిల్లీమీటర్ల లోతు దాకా కోస్తుంది. మీరు వాడే ప్లైవుడ్ 19 మిల్లీమీటర్లది. 18 వోల్టుల 165 మిల్లీమీటర్ల బ్లేడు 57 దాకా పోతుంది నిజమే, కానీ మీరు గుమ్మాలు చేయట్లేదు. చప్పుడు గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. బ్రష్‌లెస్ మోటారు (లోపల రాసుకునే కార్బన్ బ్రష్‌లు లేనిది) కాస్త మెత్తగా తిరుగుతుంది గానీ, చెవులు మోతెక్కేది బ్లేడు పళ్ల వల్ల, అదిరే షీటు వల్ల. పదునైన బ్లేడు వేసి, షీటును మందపాటి థర్మకోల్ మీద పరిచి క్లాంపులతో బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. ఏదైనా డాబా మీదే కోయండి, పాప గదిలో కాదు. చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి.

వేళ్లు మిగిలాయి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, కాబట్టి రేపే చేరండి. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, ఒక చెయ్యి పోతే లక్ష. కానీ వేలు పోతే దాంట్లో రూపాయి రాదు. కీబోర్డు మీద బతికే మీకు చూపుడువేలు చిన్న విషయమా? శాశ్వత పాక్షిక వైకల్యానికీ, పనికి వెళ్లలేని వారాలకూ డబ్బిచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి. ఏ వేలికి ఎంత శాతమో చూపే పట్టిక చదివాకే సంతకం పెట్టండి. ఆ ప్రీమియం రంపం డబ్బులోంచే, రంపం కన్నా ముందే కట్టాలి. కంపెనీ హెల్త్ పాలసీ ఉద్యోగం ఉన్నంతవరకే, దాన్ని నమ్ముకోకండి.

ఈలోగా చెప్పుల స్టాండు ఆగక్కర్లేదు. కొలతలు కాగితం మీద రాసుకెళ్లి, షీటు కొన్నచోటే కోసిస్తారేమో అడగండి. బిగించడానికి డ్రిల్ మీ దగ్గర ఉంది.