బుద్ధుడు తపస్సు వదిలేశాడు కదా, మరి భిక్షువులకు ఈ కఠిన నియమాలు ఎందుకు?

ఆరేళ్లు ఒళ్లు శుష్కింపజేసుకుని, అది దారి కాదని తేల్చుకుని, సుజాత పెట్టిన పాయసం తిన్న బుద్ధుడు శిష్యులకు ఒంటిపూట భోజనం, చెట్టు కింద నివాసం వంటివి ఎందుకు అనుమతించాడని అడిగారు. నాకు ఈ ప్రశ్నకు జవాబు పుస్తకంలో కాదు, పాత బౌద్ధ శిథిలాలున్న శాలిహుండంలో దొరికింది.

మాది శ్రీకాకుళం. పెళ్లైన నాటి నుంచి కార్తిక సోమవారాలు ఉపవాసం ఉండేదాన్ని. నక్షత్ర దర్శనం అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టేదాన్ని కాదు. ఒక ఏడాది బడిలో పాఠం చెబుతూ కళ్లు తిరిగి పడిపోయాను. చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగు "ఎంత నిష్ఠ తల్లీ" అంటుంటే నీరసంలోనూ ఆ మాట తియ్యగా అనిపించింది. ఆ తియ్యదనమే తర్వాత నన్ను భయపెట్టింది.

కొన్నేళ్లకు, ఒక వైశాఖ పౌర్ణమి నాడు, మేం పది మందిమి ఒక వృద్ధ భిక్షువు వెంట శాలిహుండం వెళ్లాం. వంశధార ఒడ్డున, కొండ మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు బతికిన విహారాల పునాదులు ఉన్నాయి. మనిషికి ఒక్క గిన్నె మాత్రమే తెచ్చుకోమని ఆయన ముందే చెప్పారు. మధ్యాహ్నం లోపే భోజనం. పులిహోర, పప్పు, వంకాయ కూర, దాని మీదే చారు, ఆ చారులోనే పరమాన్నం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రోజంతా పస్తున్నప్పుడు లేని కోపం, కడుపు నిండా తింటున్నప్పుడు వచ్చింది! పరమాన్నం పాడైపోయిందన్న ఆ కోపాన్ని చూస్తూ తినమన్నారు ఆయన. ఆ ముద్ద మింగుతుంటే, ఇంట్లో ఉప్పు తగ్గిన రోజున ఎవరెవరిని ఎన్ని మాటలన్నానో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఈ నియమాలను ధుతంగాలంటారు. 'ధుత' అంటే దులిపేయడం. 5వ శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమగ్గం అనే సాధనా గ్రంథంలో పదమూడు ఉన్నాయి: చెత్తకుప్పల మీద, శ్మశానాల్లో పారేసిన గుడ్డలే కట్టడం, ఏ ఇంటినీ దాటేయకుండా వరుసగా భిక్షకు వెళ్లడం, శ్మశానంలో ఉండటం, పడుకోకుండా కూర్చునే రాత్రి గడపడం వంటివి. నాకు బాగా నచ్చేది ఆ వరుస భిక్ష. బాగా పెట్టే ఇల్లు, పెట్టని ఇల్లు అని ఎంచుకునే వీలే ఉండదు. ఒళ్లు హింసించుకుంటే పాపం కరుగుతుందన్న నమ్మకం వీటిలో లేదు. "ఇది కావాలి, అది వద్దు" అనే పట్టును దులపడమే పని. గృహస్థులకు ఇందులో రెండే కుదురుతాయట: ఒకే విడతలో తినడం, ఒకే పాత్రలో తినడం. ఆ రోజు మా చేత చేయించింది ఆ రెండే.

ఇవి ఎవరి మీదా రుద్దినవి కావు. అడవిలోనే ఉండాలి, భిక్షతోనే బతకాలి, చేపలు, మాంసం ముట్టకూడదు వంటి ఐదు నియమాలను భిక్షు సంఘమంతటికీ తప్పనిసరి చేయమని శిష్యుల్లో ఒకడైన దేవదత్తుడు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదు. ఇష్టమున్నవాళ్లు పాటించవచ్చన్నాడు. మరోవైపు, ముసలితనంలో ఆ బరువైన పాత గుడ్డలు ఇక వదిలేయమని బుద్ధుడే చెప్పినా ఆయన శిష్యుడు మహాకాశ్యపుడు వదల్లేదు. తనకు అందులోనే సుఖం ఉందని, వెనక వచ్చేవాళ్లకు దారి కనబడాలని అన్నాడు. బుద్ధుడు ఆయనను మెచ్చుకున్నాడు.

అడవిలో ఉండేవాళ్లు ఐదు రకాలని బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన అంగుత్తర నికాయంలో ఉంది. తెలివితక్కువతో ఉండేవాళ్లు, దురాశతో ఉండేవాళ్లు, మతి చెదిరి ఉండేవాళ్లు, బుద్ధులు మెచ్చారని ఉండేవాళ్లు, కోరికలు తగ్గించుకోవాలని ఉండేవాళ్లు. పాల నుంచి పెరుగు, పెరుగు నుంచి వెన్న, వెన్న నుంచి నెయ్యి, నేతిలో మేలిమి మీగడ వచ్చినట్టు ఆ ఐదోవాళ్లే శ్రేష్ఠులట. పొగడ్త కోసం పస్తున్న నా సోమవారాలు ఇందులో ఎక్కడ పడతాయో నాకు బాగా తెలుసు. ఉపవాసాలను తప్పుపట్టడం లేదు. మా అత్తయ్య ఎనభై ఏళ్లు దాటినా ఎవరికీ చెప్పకుండా ఉండేవారు, ఆవిడ ముఖంలో ఆ శాంతి నేను చూశాను.

మీరు ప్రయత్నించాలనుకుంటే ఒక్క గిన్నెతో మొదలుపెట్టండి. మధుమేహం వంటివి ఉంటే డాక్టర్‌ను అడగకుండా పూట మానకండి. ఏ నియమమైనా దానివల్ల ధ్యానం మెరుగుపడితే ఉంచుకోమని, చెడితే వదిలేయమని విశుద్ధిమగ్గమే చెబుతోంది. రాత్రంతా కూర్చునే నియమాన్ని నేను రెండు పౌర్ణములు చేసి, మర్నాడు పిల్లల మీద విసుక్కుంటున్నానని గమనించి మానేశాను. గిన్నె మాత్రం ఇప్పటికీ ఉంది.