పోయిన గాయకుడి గొంతుతో కొత్త పాట చేయొచ్చా?

ప్రశ్న: మేం ప్రాణంగా అభిమానించే గాయకుడు చిన్న వయసులోనే పోయారు. సంస్మరణ సభ పెట్టి ఆయన పాటలు పాడాలనుకుంటున్నాం. మా మిత్రుడొకరు ఏఐతో ఆయన గొంతు తయారుచేసి, మేం రాసిన పాటను ఆ గొంతుతో పాడించి యూట్యూబ్‌లో పెడదామంటున్నారు. ‘మనిషే లేనప్పుడు కేసు ఎవరు వేస్తారు?’ అంటున్నారు. చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక అభిమాని

జవాబు: ఇంకా ఎన్నో పాటలు పాడాల్సిన మనిషి పోతే, ఆ గొంతు మళ్లీ వినాలనిపించడం సహజం. అయినా సభ నిశ్చింతగా పెట్టుకోండి, ఏఐ పాట మాత్రం ఆయన కుటుంబం ఒప్పుకుంటే తప్ప వద్దు.

ఔత్సాహిక బృందం టికెట్ పెట్టకుండా పాటలు పాడుకుంటే ఉల్లంఘన కాదని కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 52 చెబుతోంది. టికెట్ పెట్టినా, డబ్బిచ్చి ఆర్కెస్ట్రాను పిలిచినా లైసెన్స్ తీసుకోవాలి. సభ వీడియోను యూట్యూబ్‌లో పెడితే ఈ మినహాయింపు వర్తించదు. మ్యూజిక్ కంపెనీ క్లెయిమ్ వేయొచ్చు.

ఇక గొంతు సంగతి. మీ మిత్రుడి మాటలో కొంత నిజం ఉంది. బతికున్న గాయకుడి గొంతును అనుమతి లేకుండా ఏఐతో అనుకరించడాన్ని అరిజిత్ సింగ్ కేసులో 2024లో బాంబే హైకోర్టు అడ్డుకుంది. కానీ మనిషి పోయాక ఆ వ్యక్తిత్వ హక్కులు (తన పేరు, రూపం, గొంతును ఇతరులు వాడుకోకుండా ఆపే హక్కులు) వారసులకు రావని జయలలిత మేనకోడలు వేసిన కేసులో మద్రాసు హైకోర్టు, సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు అన్నాయి.

అంతమాత్రాన అడ్డేమీ లేదనుకోవద్దు. ఆ గొంతు తయారుకావాలంటే సాఫ్ట్‌వేర్‌కు ఆయన పాత పాటలు ఎక్కించాలి కదా. ఆ రికార్డింగుల మీద కాపీరైట్ 60 ఏళ్లు ఉంటుంది. పాడినందుకు గాయకుడికి దక్కే హక్కు పాడిన మరుసటి ఏడాది నుంచి 50 ఏళ్లు, మధ్యలో ఆయన పోయినా ఆ గడువు తగ్గదు. కాబట్టి కేసు వేయడానికి రికార్డింగుల మీద హక్కున్న మ్యూజిక్ కంపెనీ, పాడిన హక్కు దక్కే ఆయన వారసులు ఉన్నారు. పైగా పాటలో ఆయన పరువు తీసే మాటలుంటే, అవి కుటుంబాన్ని నొప్పించాలనే చేసినవైతే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద అది పరువునష్టం కిందికి రావచ్చు. చనిపోయినవారి విషయంలోనూ ఈ సెక్షన్ వర్తిస్తుంది.

కుటుంబాన్ని అడగాలంటే ఎవరిని అడగాలి? చాలామంది తండ్రితోనో మేనేజరుతోనో మాట్లాడి సరిపోయిందనుకుంటారు. హిందూ పురుషుడు వీలునామా రాయకుండా, పెళ్లికాకుండా పోతే ఆస్తి తల్లికి వస్తుంది. తండ్రి రెండో తరగతి వారసుడు, తల్లి ఉంటే ఆయనకు వాటా రాదు. పెళ్లయి ఉంటే భార్య, పిల్లలు, తల్లి ముగ్గురూ వారసులే. వారందరి సంతకాలతో కాగితం రాయించుకోండి. ఏ పాట, ఎక్కడ పెడతారు, డబ్బు వస్తే ఎవరికి అన్నవి అందులో ఉండాలి. అది ఏఐ గొంతని వీడియోలో కనబడేలా రాయండి. రికార్డింగుల కోసం కంపెనీ అనుమతి విడిగా తీసుకోవాలి.

ఆ తల్లి దుఃఖంలో ఉన్న ఈ రోజుల్లోనే ఈ కాగితం పట్టుకుని వెళ్లొద్దని నా విన్నపం. మీరు రాసిన పాటను ప్రస్తుతానికి మీ గొంతుతోనే పాడండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శాంపిల్ ఏదైనా ఇప్పటికే చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంటే వెంటనే తీసేయండి. ఫార్వర్డ్ అయ్యాక ఎవరు చేశారో చెప్పుకోవాల్సింది మీరే.