ట్రెక్కింగ్ బ్యాగులు కుట్టడానికి పవర్ మిషన్: వాయిదాల మీద కొనవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారు ప్రైవేటు కళాశాలలో అధ్యాపకులు. నెలకు 52,000 రూపాయలు వస్తాయి, ఇంటి ఖర్చు 35,000 దాకా అవుతుంది. బ్యాంకులో 1,10,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మా అబ్బాయి, అతని స్నేహితులు కొండవీడు, కొండపల్లి వైపు ట్రెక్కింగుకు వెళుతుంటే వారికి బ్యాగులు, వాటిపై వేసే వాన కవర్లు కుట్టి ఇస్తున్నాను. బ్యాగు 1,400 రూపాయలకు అమ్ముతాను, సరుకుకు 650 అవుతుంది. నాలుగు నెలల్లో ఆరు అమ్మాను. మా అమ్మ ఇచ్చిన కాలి మిషన్ మందంగా ఉన్న చోట మొరాయిస్తోంది. 60,000 రూపాయల వాకింగ్ ఫుట్ (మందపాటి పొరలను పైనుంచి కూడా ముందుకు లాగే) పవర్ మిషన్‌ను 12 శాతం ఫ్లాట్ వడ్డీతో 24 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. మీ పనితనం మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది. మీరు రాసిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి.

ముందు ఆ 12 శాతం సంగతి చూద్దాం. ఫ్లాట్ పద్ధతిలో మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీని మాత్రం మొదటి రోజు తీసుకున్న 60,000 మీదనే చివరి వాయిదా దాకా లెక్కకడతారు కాబట్టి, రెండేళ్లకు వడ్డీ 14,400 రూపాయలు, నెల వాయిదా 3,100 రూపాయలు అవుతాయి. మిగిలి ఉన్న బాకీ మీదనే వడ్డీ వేసే పద్ధతిలోకి దీన్ని మారిస్తే ఏడాదికి దాదాపు 21.5 శాతం పడుతున్నట్టు లెక్క. మీకు బ్యాగుకు 750 రూపాయలు మిగులుతున్నాయి. అంటే నెలకు అయిదు బ్యాగులు అమ్ముడైతే గాని వాయిదా గట్టెక్కదు, మీ కష్టానికి కూలి ఆ తర్వాతే మొదలవుతుంది. ఇప్పటికి మీరు అమ్ముతున్నది నెలకు ఒకటిన్నర.

డిపాజిట్ రద్దు చేసి నగదుకే కొంటే వడ్డీ బాధ ఉండదు కదా అని మీకు తోచవచ్చు. ఒకే జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చయినా చేతిలో ఉండాలి. మీ లెక్కన అది 2,10,000 రూపాయలు. ఉన్నది అందులో సగమే. దాన్ని కదపకండి.

ఇక మిషన్ విషయం. మొరాయించేది బ్యాగంతటా కాదు. భుజం పట్టీ బ్యాగుకు కలిసే చోట రెండు పొరల నైలాన్ పట్టీ, లోపలి ఫోమ్, మడత వేసిన మందపాటి గుడ్డ ఒకదానిపై ఒకటి చేరతాయి. సూది అక్కడే ఆగిపోతుంది. మిగిలిన కుట్టంతా తిన్నని కుట్టే కనుక ఇనుప ఒంటి పాత కాలి మిషన్ దానికి సరిపోతుంది. మెకానిక్‌ను పిలిపించి షటిల్, బాబిన్ కేసు, బెల్టు సరిచూపించండి. మందపాటి గుడ్డకు 18 నంబరు సూది, పాలిస్టర్ దారం వాడండి (నూలు దారం వానకు తడిసి తడిసి కుళ్లిపోతుంది), కుట్టు కాస్త పొడవుగా పెట్టుకోండి, పొరలు కలిసే ఆ రెండంగుళాలూ తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి. వాన కవర్లకు వాడే పలుచని రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా నేసిన) నైలాన్‌కు 11 నంబరు సూది చాలు. పైగా మందపాటి సరుకు కోసం చేసిన పెద్ద మిషన్ ఇలాంటి గుడ్డను ముడతలు పెట్టే అవకాశమే ఎక్కువ.

ఇంత చేసినా పట్టీల దగ్గర కుట్టు పడకపోతే, కుట్టిన బ్యాగులను వారానికోసారి మూట కట్టి, ఆటోలకు, మోటారు సైకిళ్లకు సీటు కవర్లు కుట్టే వారి దగ్గరకు తీసుకెళ్లండి. రెక్సిన్ మీద పనిచేసే వారి మిషన్లకు మీ నైలాన్ పట్టీ ఒక లెక్క కాదు. బ్యాగుకు 50 రూపాయలు ఇచ్చారనుకున్నా, నెలకు 62 బ్యాగులు కుట్టించినప్పుడు గాని ఆ ఖర్చు మీ వాయిదాతో సమానం కాదు. మా బంధువుల ఇంట్లో వాయిదాల మీద కొన్న ఎంబ్రాయిడరీ మిషన్ మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలు పేర్చుతున్నారు; అందుకే ఈ లెక్క దగ్గర నేను కొంచెం మొండిగా ఉంటాను.

వరుసగా ఆరు నెలలు, నెలకు ఎనిమిది బ్యాగులకు తగ్గకుండా అమ్మగలిగితే అప్పుడు అప్పు గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా దుకాణం వాయిదాల జోలికి పోకుండా, కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకాన్ని ముందు చూడండి. అందులోని 18 వృత్తులలో దర్జీ పని ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి తొలి విడతగా లక్ష రూపాయల వరకు రుణం ఇస్తారు, 18 నెలల్లో తీర్చాలి. ఇదే 60,000ను ఆ వడ్డీకి తీసుకుంటే మొత్తం వడ్డీ రెండున్నర వేలు దాటదు. కుటుంబానికి ఒక్కరికే అవకాశం. ప్రభుత్వోద్యోగుల కుటుంబాలకు వర్తించదు గాని, మీవారిది ప్రైవేటు కొలువు కనుక ఆ చిక్కు మీకు లేదు.

హైదరాబాదు నుంచి ఆర్డరు వస్తే మాత్రం ఒక్క క్షణం ఆగండి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మేవారికి, అమ్మకం ఎంత చిన్నదైనా, జీఎస్టీ నమోదు సాధారణంగా తప్పనిసరి.

మిషన్ కొనే రోజు వచ్చినప్పుడు గుంటూరులో చూసినా, విజయవాడ వెళ్లి చూసినా, మీరు వాడే పట్టీ, ఫోమ్, గుడ్డ ముక్కలను సంచిలో వేసుకుని వెళ్లండి. దుకాణదారు చూపించే నూలు గుడ్డ మీద ఏ మిషన్ అయినా చక్కగానే కుడుతుంది. నిరంతరం తిరుగుతూ ఉండే క్లచ్ మోటారు వద్దు, కుట్టేటప్పుడే తిరిగే సర్వో మోటారు కావాలని అడగండి. కరెంటు ఆదా అవుతుంది, నెమ్మదిగా కుట్టడమూ వీలవుతుంది. మీ ముక్కలను నాలుగు పొరలుగా మడిచి మీ చేత్తోనే కుట్టి, కుట్టును రెండు వైపులా లాగి చూసిన తర్వాతే ధర మాట్లాడండి.